ఆకలి సంగతి నోట చెప్పించకుండా ఆదుకోవడం ఎలా: విశాఖ కాలేజీల కోసం

విశాఖలో చదివే పేద పిల్లల మాట ఎత్తగానే అందరూ ఫీజు దగ్గరే ఆగిపోతారు. ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఆలస్యమైనా ఏదో ఒక దారి దొరుకుతుంది. దారి లేనివి మధ్యాహ్నం భోజనం, గది అద్దె, పరీక్ష ఫీజు ఆఖరి తేదీ, పగిలిన కళ్లద్దాలు. పాడేరు, సాలూరు, పాలకొండ, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి మద్దిలపాలెం, రేసపువానిపాలెం, చినవాల్తేరు సందుల్లో నలుగురైదుగురు కలిసి గది తీసుకున్న పిల్లలు చదువు వదిలేసేది, నేను చూసినంతలో, ఇలాంటి ఖర్చుల దగ్గరే.

ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరగానే అదే అమ్మాయికి ఆ పళ్లెం ఉండదు. ఇంటి పరిస్థితి మారలేదు, ఇల్లు మాత్రం దూరమైంది.

మీరు లెక్చరరైనా, ప్రిన్సిపాలైనా, వార్డెనైనా, పూర్వ విద్యార్థుల సంఘంలో ఉన్నా, కాలేజీ పక్క కాలనీ సంక్షేమ సంఘంలో ఉన్నా, ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒక్క షరతు మాత్రం మొదటి రోజే పెట్టుకోండి. సాయం తీసుకునే పిల్లలు పదిమంది ముందు తమ పేదరికాన్ని రుజువు చేసుకోవాల్సిన అవసరం రాకూడదు. ఇది తప్పితే ఎంత మంచి పథకమైనా ఖాళీగా పడి ఉంటుంది. అవసరం ఎక్కువున్నవాళ్లే ముందుగా పక్కకు తప్పుకుంటారు.

1. ఎవరికి ఏం తక్కువైందో తెలుసుకోండి

“ఏమ్మా, తిన్నావా?” అని అడిగితే “తినేశాను మేడమ్” అనే అంటుంది. మన ఇళ్లలో పెరిగిన పిల్లలు ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పరు. అందుకని ఒక్కరినీ విడిగా పిలిచి అడగకండి. తరగతులు మొదలైన మొదటి నెలలోనే క్లాసు మొత్తానికీ ఒక కాగితం ఇవ్వండి. తెలుగులో ఉండాలి, పేరు, హాల్‌టికెట్ నంబరు ఉండకూడదు. ప్రశ్నలు సూటిగా ఉండాలి. గత వారంలో డబ్బుల్లేక మానేసిన పూటలు ఎన్ని? మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారు? ఉంటున్నచోట వండుకునే వీలుందా? ఈ నెల అద్దెకు అప్పు చేశారా? రానూపోనూ రోజుకు ఎంత ఖర్చు, ఎంతసేపు? డబ్బుల్లేక మందులు, కళ్లద్దాలు, శానిటరీ ప్యాడ్లు వాయిదా వేశారా? నింపిన కాగితాలు మడిచి డబ్బాలో వేయించండి. గూగుల్ ఫామ్ పెట్టాలనుకుంటే మెయిల్ ఐడీ నమోదు కాకుండా చూడండి. మెయిల్ కనిపిస్తుందంటే ఎవరూ నిజం రాయరు.

ఈ కాగితాలతో ఎంతమందికి ఏ అవసరం ఉందో తెలుస్తుంది. ఎవరికో తెలియదు, ఈ దశలో తెలియనక్కర్లేదు కూడా. కాగితం అడుగున మాత్రం ఒక ఫోన్ నంబరు, ఒక పేరు రాయండి: “మాట్లాడాలనిపిస్తే వీరికి మెసేజ్ పెట్టండి.”

ఆ పేరు ఎవరిదన్నది చాలా ముఖ్యం. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషిని ఆ పనిలో పెట్టకండి. మార్కులు చేతిలో ఉన్న వ్యక్తి దగ్గర అవసరం చెప్పుకోవడమంటే పిల్లలకు ఎప్పుడూ భయమే. తర్వాత ఏ చిన్న మాట తేడా వచ్చినా, ఆ రోజు సాయం అడిగాను కాబట్టే ఇలా అన్నారనుకుంటారు. లైబ్రేరియన్, ఫిజికల్ డైరెక్టర్, ఆఫీసు సూపరింటెండెంట్, ఇటీవలే చదువు ముగించిన సీనియర్ ఇలాంటివాళ్లు నయం. ఇద్దరు ముగ్గురుంటే ఇంకా మేలు. వారిలో ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. మన్యం నుంచో, దళిత కుటుంబం నుంచో వచ్చిన వ్యక్తి ఒకరుంటే కొన్ని సంగతులు విడమరిచి చెప్పకుండానే అర్థమవుతాయి.

క్లాసులో మీకే కనిపించే గుర్తులు కొన్ని ఉంటాయి. భోజనం బెల్లు కొట్టగానే లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాళ్లు, ఎక్స్‌కర్షన్ అనగానే ఇంట్లో పని ఉందనేవాళ్లు, రికార్డు పుస్తకం కొనడం వారం వారం వాయిదా వేసేవాళ్లు. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల్లో కొందరు మగపిల్లలు పొద్దున క్లాసులకు వరసగా రాకపోతే బద్ధకమని రాసేయకండి. చాలామంది రాత్రి కేటరింగ్‌కి వెళ్తారు. అర్ధరాత్రి దాటేదాకా కల్యాణ మండపంలో వడ్డించి, గిన్నెలు సర్ది, గదికి చేరేసరికి తెల్లవారబోతుంది. ఆ కూలితోనే అద్దె కడతారు, ఆ పూట భోజనం కూడా అక్కడే. వాళ్లకు హాజరు గురించి ఉపన్యాసం ఇచ్చే ముందు, ఆ పని మానేస్తే ఏ ఖర్చు ఆగిపోతుందో అడిగి తెలుసుకోండి.

2. భోజనం

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

మన దగ్గర పూర్వం వారాలు చేసుకుని చదువుకోవడం ఉండేది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోంచేస్తూ పేద పిల్లలు చదువుకున్నారు. ఆ అన్నం వల్ల ఎందరో పైకి వచ్చారు, అది నిజం. అయితే ఆ వసతి చాలావరకు ఒక కులం పిల్లలకే దక్కింది. దక్కినవాళ్లు కూడా ఏడిళ్ల మర్యాదలకూ ఏడు రకాలుగా ఒదిగి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు మనం పెట్టే భోజనంలో ఈ రెండు లోపాలూ ఉండకూడదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. మేడల్లో ఉన్నవాళ్లూ, పాకల్లో ఉన్నవాళ్లూ ట్యాంకర్ల దగ్గర బిందెలతో నిలబడ్డారు. ఆ వరసలో నిలబడడం ఎవరికీ చిన్నతనం అనిపించలేదు, అందరూ అందులోనే ఉన్నారు కాబట్టి. కాలేజీ భోజనాన్ని కూడా ఆ పద్ధతిలోనే అమర్చండి. పేద పిల్లలకంటూ విడిగా కౌంటరు, విడిగా వేళ, విడిగా రంగు కూపన్ వద్దు.

దీనికి తేలికైన దారి నెలవారీ భోజనం కార్డు. క్యాంటీన్‌లో తినే ప్రతి విద్యార్థికీ ఒకే కార్డు ఇవ్వండి. డబ్బు కట్టినవాళ్ల కార్డుకూ, మీరు పోగుచేసిన సహాయ నిధి నుంచి డబ్బు పడిన కార్డుకూ పైకి ఏ తేడా ఉండకూడదు. ఎవరి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో క్యాంటీన్ నడిపే అతనికి కూడా తెలియనక్కర్లేదు. నెలాఖరున మొత్తం కార్డుల లెక్క చూసి ఆఫీసు ఒకే చెల్లింపు చేస్తే సరిపోతుంది. క్యాంటీన్ లేని చిన్న కాలేజీలైతే దగ్గర్లో ఉన్న మెస్‌తో ఇదే ఒప్పందం చేసుకోవచ్చు.

ప్రభుత్వం చవగ్గా భోజనం పెట్టే అన్న క్యాంటీన్ల గురించి అందరికీ చెప్పండి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. టిఫినైనా భోజనమైనా పూటకు 5 రూపాయలు. కొత్తగా వచ్చిన పిల్లలకు అది ఎక్కడుందో తెలియదు. తెలిసినా, అది కూలీల కోసమని, విద్యార్థులు వెళ్తే బాగుండదని అనుకుంటారు. మొదటి వారంలో ఊరు పరిచయం చేసేటప్పుడు బస్టాపు, లైబ్రరీ, బ్యాంకు చూపించినట్టే కాలేజీకి దగ్గరి అన్న క్యాంటీన్ కూడా చూపించండి. సీనియర్లు, వీలైతే లెక్చరర్లు, వాళ్లతో కలిసి ఒక పూట అక్కడే తినండి. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆదివారం వాటికి సెలవు, ఆ పూట సంగతి మీరు చూసుకోవాలి.

గదుల్లో ఉండే పిల్లలు ఎక్కువమంది రైస్ కుక్కర్‌లో అన్నం పడేసి, కర్రీ పాయింట్ నుంచి కూరో పప్పో తెచ్చుకుంటారు. ఇంటి నుంచి బస్సు మీద బియ్యం బస్తా వస్తుంది. వాళ్లకు మళ్లీ బియ్యం ఇస్తే ఉపయోగం తక్కువ. కొదవ అంతా కూరలోనే. నెలాఖరు వచ్చేసరికి ఊరగాయతో, పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటారు. కందిపప్పు, గుడ్లు, వేరుశనగలు, నూనె, పాలు వీళ్లకు కావాలి. సరుకుల సంచి ఇవ్వాలనుకుంటే అందులో ఏం ఉండాలో తీసుకునేవాళ్లనే ఎంచుకోనివ్వండి. ఒక జాబితా ఇచ్చి, ఇంత విలువ వరకు టిక్కు పెట్టమంటే చాలు. దాతకు నచ్చిన తిండే పిల్లలు తినాలన్న నియమం పెట్టే దాతను వినయంగా వద్దనండి. గుడ్డు, చేప, మాంసం తిని పెరిగిన పిల్లలకు మన పద్ధతులు నేర్పడానికి సాయాన్ని వాడకూడదు.

హాస్టళ్లలో కుక్కర్లు, హీటర్లు పెడితే ఫైన్ వేస్తారు. వైరింగ్ కాలుతుందన్న భయం సరైనదే. అలాంటప్పుడు కింది అంతస్తులో ఒక గట్టు, నాలుగు మంచి ప్లగ్ పాయింట్లు, నీళ్ల కొళాయి, చిన్న ఫ్రిజ్ పెట్టి అందరికీ తెరిచి ఉంచండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, నరసింహనగర్ రైతుబజార్లలో కూరగాయలు చవగ్గా దొరుకుతాయి, వంతులు వేసుకుని పిల్లలే తెచ్చుకుంటారు.

పెళ్లిలో మిగిలింది తెచ్చి హాస్టల్లో పంచుతామని ఫోన్లు వస్తుంటాయి. వేడిగా, శుభ్రంగా, హాస్టల్ మొత్తానికీ సరిపోయేంత ఉంటేనే ఒప్పుకోండి. ఏదో కొంచెం తెచ్చి “అవసరమున్నవాళ్లు రండి” అని పిలవాల్సి వస్తే వద్దనడమే మంచిది.

సంక్రాంతి, దసరా సెలవుల్లో మెస్ మూసేస్తారు. అప్పుడు కూడా కొందరు ఊరికి వెళ్లరు. ఛార్జీ ఉండదు, లేదా ఆ పది రోజులే కూలి బాగా దొరికే రోజులు, లేదా వెళ్లడానికి ఇల్లు లేదు. సెలవులకు ముందు వారంలో ఎంతమంది ఉండిపోతున్నారో లెక్క తీసి, ఒక వంటమనిషికి పండగ కూలి ఇచ్చి పొయ్యి ఆరకుండా చూడండి. ఎందుకు వెళ్లడం లేదని మాత్రం అడగకండి.

3. హక్కుగా రావాల్సిన డబ్బు రప్పించండి

విరాళాలు పోగుచేసే ముందు, ప్రభుత్వం నుంచి రావాల్సింది ఎవరికి ఎక్కడ ఆగిందో చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఓపిక కావాలి. సాయం కంటే ఇది పిల్లలకు ఎంతో గౌరవం కూడా. తన డబ్బు తనకు వస్తోంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు, ఏడాదికి రెండున్నర లక్షల లోపు కుటుంబ ఆదాయం, 75 శాతం హాజరు ఉండాలన్నది అందరికీ తెలిసిందే. ఆగేది చిన్న మెలికల దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఎనిమిదో తరగతిలో తెరిచిన పాత ఖాతాకే ఆధార్ లింకై ఉంటుంది, డబ్బు అందులో పడినా పిల్లవాడికి తెలియదు. ఆదాయ ధ్రువపత్రం పాతబడి ఉంటుంది. సొంత ఊరి సచివాలయంలో సరిదిద్దుకుని రావాలంటే ముంచంగిపుట్టు, సీలేరు వైపు పిల్లలకు రానూపోనూ రెండు రోజులు, ఛార్జీలు, పోయిన హాజరు. అందుకే చాలామంది “తర్వాత చూద్దాంలే” అని వదిలేస్తారు.

శనివారం మధ్యాహ్నాలు కాలేజీలో ఒక సహాయ బల్ల పెట్టండి. కంప్యూటర్ తెలిసిన ఇద్దరు సీనియర్లు, ఒక స్కానర్, ఆఫీసు నుంచి ఒకరు చాలు. అందరి దరఖాస్తులూ అక్కడే చూస్తారు కాబట్టి అక్కడ కూర్చుంటే పేదవాళ్లని ఎవరూ అనుకోరు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ గురించి కూడా అక్కడే చెప్పించండి. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కింద డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 రూపాయలు వస్తాయి. రీయింబర్స్‌మెంట్ పొందే పిల్లలైతే రెండూ కలిపి తీసుకోవచ్చో లేదో ఆ ఏటి నిబంధనలు చూసి మరీ దరఖాస్తు పెట్టించండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రీయింబర్స్‌మెంట్ రాలేదని హాల్‌టికెట్ ఆపడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం మానండి. ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగివ్వాలని, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే చెప్పింది. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి పిల్లల కాగితాలను తాకట్టు పెట్టుకోవడం అన్యాయం. తల్లిదండ్రులు దీని గురించి కాలేజీని రాతపూర్వకంగా అడగవచ్చు.

4. అత్యవసర నిధి

పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు, గది అడ్వాన్సు, ఇంట్లో మరణం కబురు వస్తే ఆ రాత్రి బస్సు ఛార్జీ, జ్వరం వస్తే రక్తపరీక్ష. ఇవి పెద్ద మొత్తాలు కావు గానీ ఆ రోజే కావాలి. కమిటీ కూర్చుని తీర్మానం చేసేలోపు తేదీ దాటిపోతుంది. అందుకని ఒక పరిమితి వరకు ఒక్కరి సంతకంతో అదే రోజు ఇచ్చే వీలు పెట్టండి, ఆ పైమొత్తానికే ఇద్దరి సంతకం.

దరఖాస్తు అరపేజీ దాటకూడదు. ఎంత కావాలి, దేనికి, ఎప్పటికి. కష్టాల కథ రాయించకండి. హామీ సంతకం అడగకండి. తిరిగి కట్టాలన్న షరతు వద్దు, ఉద్యోగం వచ్చాక ఇష్టముంటే ఇంకొకరికి ఇమ్మని ఒక మాట చెబితే చాలు. డబ్బు నేరుగా విద్యార్థి ఫోన్‌పే, గూగుల్ పే నంబరుకు వేయండి. దేనికి ఖర్చుపెట్టావో బిల్లు తెమ్మంటే నమ్మలేదని అర్థమవుతుంది. ఒకరిద్దరు అబద్ధం చెప్పవచ్చు. ఆ ఒకరిద్దరి కోసం మిగిలిన అందరినీ దొంగల్లా చూడడం కంటే ఆ కాస్త నష్టం భరించడమే మేలని నా అభిప్రాయం.

లెక్క మాత్రం పక్కాగా ఉండాలి. పేర్ల బదులు అంకెలతో రిజిస్టరు రాయండి. అంకెకూ పేరుకూ లంకె చూపే పుస్తకం ఒక్కరి దగ్గరే, తాళం వేసి ఉంటుంది. దాతలకు ఏటా చూపించేది ఎంత వచ్చింది, దేనికి ఎంత వెళ్లింది అన్న లెక్క.

విశాఖలో దాతలకు కొదవ లేదు. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులు ప్రపంచమంతా ఉన్నారు. స్టీల్‌ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్‌లలో పనిచేసి రిటైరైనవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, వారిలో ఎందరో ఇలాంటి గదుల్లో ఉండి చదువుకున్నవాళ్లే. వారిని నెలకు ఇంతని అడగండి. ఏడాదికోసారి పెద్ద చెక్కు కంటే నెలనెలా వచ్చే చిన్న మొత్తం ఈ పనికి బాగా పనికొస్తుంది. ఫోటో అడిగితే వంటగట్టు ముందో, నీళ్ల ఫిల్టరు ముందో తీయించుకోమనండి. పిల్లలను వరసగా నిలబెట్టి దాతల చేతుల మీదుగా కవర్లు ఇప్పించే సభ వద్దు. ఆ ఫోటో వాట్సాప్‌లో ఊరికి చేరుతుంది, సంబంధాల వేళ కూడా బయటికొస్తుంది.

5. గది, బస్సు, మిగతావి

గది వెతుక్కునేటప్పుడు “మీరేమిట్లు బాబూ?” అని కులం అడిగే ప్రశ్న ఈ నగరంలో ఇంకా వినిపిస్తుంది. జవాబు విన్నాక “నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశాం” అంటారు. దాంతో దళిత, గిరిజన, ముస్లిం పిల్లలు దూరంగా, ఎక్కువ అద్దెకు ఉండాల్సి వస్తుంది. అందరికీ ఒకే మొత్తం పంచితే ఈ తేడా పూడదు. కాలేజీ తరఫున గదుల జాబితా తయారుచేయండి, ఆ ప్రశ్న అడగని ఇళ్లవాళ్ల పేర్లే అందులో ఉంచండి. అడిగినట్టు పిల్లలు చెబితే ఆ ఇల్లు తీసేయండి. అడ్వాన్సుకు కాలేజీ లేఖ ఇస్తే ఒప్పుకునే ఇళ్లవాళ్లు కూడా ఉంటారు, అడిగి చూడండి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకూ వర్తిస్తుంది. ఆధార్ వంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ఇంతకుముందు పాసులకు పెట్టిన డబ్బుంటే ఇప్పుడు ఆనందపురం, పెందుర్తి, అగనంపూడి వైపు నుంచి వచ్చే మగపిల్లల పాసులకు మళ్లించవచ్చు.

శానిటరీ ప్యాడ్లు ఆడపిల్లల ప్రతి బాత్రూమ్‌లోనూ ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో మేడమ్ దగ్గర అడిగి తీసుకోమంటే ఎవరూ అడగరు. మూత ఉన్న చెత్తబుట్ట, నీళ్లు, లోపలి గడియ ఉన్నాయో లేదో కూడా చూడండి.

సహాయ బల్ల, క్యాంటీన్, ఆఫీసు కిటికీ మేడ మీద ఉంటే వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు అవి లేనట్టే. కిందికి దించండి.

చూపు, పళ్లు, రక్తహీనత పరీక్షలు ఏడాదికోసారి కాలేజీలోనే అందరికీ చేయించండి. మనసు బాగోలేనప్పుడు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు ఐడీ కార్డు వెనక అచ్చువేయండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లాల్సి వస్తే తోడు వెళ్లే మనిషిని ముందే అనుకుని పెట్టుకోండి. ఆ గేటు లోపలికి ఒంటరిగా వెళ్లడం పిల్లలకు కష్టం.

6. దసరా తర్వాత రానివాళ్లకు ఫోన్ చేయండి

మొదటి సంవత్సరం పిల్లలు దసరాకు ఊరెళ్లి కొందరు తిరిగి రారు. వారం చూసి, రిజిస్టరులో ఎర్రగీత గీసే ముందు ఒక ఫోన్ చేయించండి. చేసేది ఇందాక చెప్పిన, మార్కులతో సంబంధం లేని మనిషే అయితే మంచిది. తండ్రి ఎత్తితే సాయం సంగతి ఆయనతో చెప్పకండి, పిల్లకే ఫోన్ ఇమ్మనండి. ఎందుకు రాలేదని మొదలుపెడితే అమ్మాయి సంజాయిషీ చెప్పడంలో పడుతుంది. “నీ సీటు అలాగే ఉందమ్మా. పరీక్ష ఫీజుకు ఇంకా ఇన్ని రోజులుంది. ఇప్పుడు ఏ ఖర్చు అడ్డుగా ఉంది?” అని అడగండి. ఆమె చెప్పినదాన్ని రాసుకుని, ఆ రోజు చేయగలిగింది ఆ రోజే చేసి, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పండి. చెప్పిన రోజున తప్పకుండా చేయండి. రాలేనంటే కారణం రాసిపెట్టుకోండి. అలాంటి కారణాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, వచ్చే జూన్‌లో నిధిలో దేనికి ఎంత పెట్టాలో వేరే సర్వే లేకుండానే తెలుస్తుంది.